పండుగనాడు మెరిసిన చుక్కలు

"దసరానాడు లోపలికి ఎవ్వరు రాలే సార్. తాళం నేనే ఏసిన, మల్ల నేనే తీసిన," అన్నాడు వాచ్‌మన్ వీరయ్య.

పురుషోత్తం అడిగింది మంచినీళ్లు ఎక్కడున్నాయని మాత్రమే.

రైల్వే విజిలెన్సులో పనిచేసి, దొంగ టికెట్లు అచ్చువేసేవాళ్ల వెంట ఊరూరా తిరిగిన మనిషి ఆయన. రిటైరయ్యాక ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చోవడం చేతకాక ప్రైవేటు డిటెక్టివునని బోర్డు పెట్టుకున్నాడు. అడగని ప్రశ్నకు జవాబు వచ్చిందంటే ఆయన చెవులు వాటంతటవే నిక్కబొడుచుకుంటాయి. అయినా తొందరపడలేదు. నీళ్లు తాగాడు, మీసాలు తుడుచుకున్నాడు, "మంచిగ చల్లగున్నయ్ వీరన్నా," అని గ్లాసు తిరిగిచ్చాడు. వీరయ్య గ్లాసు అందుకున్నాడు కానీ ఆయన ముఖం వైపు చూడలేదు.

సికింద్రాబాద్‌లోని ఆ రెండంతస్తుల మేడ పేరు అల్లిక బయోసైన్సెస్. క్యాన్సర్ మందుల మీద పరిశోధన జరిగే చోటు. అలాంటి చోట పురుషోత్తానికేం పని అంటే, మోండా మార్కెట్‌లో పూజసామాను అమ్మే పుష్పమ్మ తెచ్చిపెట్టిన పని. మొన్న పొద్దున కొట్టు మూసి మరీ వచ్చి ఆయన గుమ్మంలో కూర్చుంది. ఆ మనిషి కొట్టు మూయడం ఆ మార్కెట్‌లో ఎవరూ చూసి ఉండరు.

"అన్నా, నా బిడ్డ దొంగది కాదు. నా నోటితోని చెప్తే ఎవలు ఇంటరు? నువ్వు చెప్పాలె," అంది.

బిడ్డ పేరు కల్పలత. అల్లికలో శాస్త్రవేత్త. డెకోరిన్ అనే ప్రొటీన్ మీద ఎనిమిదేళ్లుగా పనిచేస్తోంది. మనుషుల మీద దాన్ని పరీక్షించడానికి ఇక అనుమతి రావడమే తరువాయి అనుకున్న సమయంలో, పేరులేని మెయిలు ఒకటి వచ్చింది. కల్పలత చూపించిన ఫలితమంతా బూటకమనీ, ఇవిగో ఆమె దాచిపెట్టిన ఫోటోలనీ దాని సారాంశం. ఈ సాయంత్రం నాలుగింటికి నిపుణుల కమిటీ తేలుస్తుంది. బూటకమే అని తేలితే ఆమె ఉద్యోగం పోవడం అటుంచి, ఫ్రీజర్లో ఉన్న డెకోరిన్ సీసాలన్నిటినీ కాల్చేస్తారు. అలాంటి సరుకు మళ్లీ తయారుకావాలంటే మళ్లీ అన్నేళ్లు పడుతుంది.

ల్యాబ్ తలుపు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది కల్పలత. తన సొంత ల్యాబ్‌లోకి తనకే ప్రవేశం లేదు. పురుషోత్తాన్ని చూడగానే లేచింది.

"అంకుల్, అమ్మ మిమ్మల్ని పరేషాన్ చేసిందా?"

"చేసింది. నువ్వు సుత జెర చెయ్యి. గీ డెకోరిన్ అంటే ఏందో నాకు తెలిసే భాషల చెప్పు."

ఆమె ముఖం మీద కాస్త వెలుగు వచ్చింది. తన పని గురించి అడిగితే చాలు, ఎంత కష్టంలో ఉన్నా ఇలాంటివాళ్లకు ఊపిరాడుతుంది.

"నులక మంచం చూసిన్రు కదా. మన కణాలన్నీ గట్లాంటి అల్లిక మీదనే కూసుంటయి. ఆ అల్లికల తాళ్లుంటయి, తాళ్ల నడుమ చక్కెర కుచ్చులు వేలాడే ప్రొటీన్లుంటయి. వాటిని ప్రోటియోగ్లైకాన్లు అంటరు. ఉట్టిగ సందులు నింపెతందుకే ఉన్నయని చాన రోజులు అందరు అనుకున్నరు. కాదంకుల్. అవి కణంతోని మాట్లాడుతయి."

"ఏమని?"

"నీ ఇల్లు నువ్వు ఊడ్చుకో అంటది డెకోరిన్. అప్పుడు కణం లోపల పాడైన సామానంతా చిన్నచిన్న సంచులల్ల కట్టి తనే అరిగించుకుంటది. ఆటోఫజీ అంటరు దాన్ని. క్యాన్సర్ గడ్డకు రక్తం మోసే నాళాల కణాలల్ల ఇది షురూ అయితే కొత్త నాళాలు పుట్టుడు తగ్గుతది. గడ్డకు తిండి దొరకదు. ఆ సంచులు ఆకుపచ్చగ మెరిసేటట్టు కణాలను తయారుచేసిన నేను. డెకోరిన్ ఇస్తే మైక్రోస్కోప్ కింద ఆకుపచ్చ చుక్కలు కనవడతయి. ఇయ్యకపోతే చీకటి. నా ఫలితం అంతే."

"మెయిల్ల ఏమున్నది?"

"డెకోరిన్ ఇయ్యని కణాలల్ల సుత చుక్కలున్నయంట. ఉన్నయంటే డెకోరిన్ ఏం పని చేస్తలేదన్నట్టే కదా. కని ఆ ఫోటోలు నేనింతవరకు కండ్లతోని చూడలే. చూపిస్తలేరు."

"డెకోరిన్‌కు తోడబుట్టింది ఇంకొకటున్నదని మీ అమ్మ చెప్పింది."

"బైగ్లైకాన్. రెండు ఒక్కతీరుగనే ఉంటయి. అల్లికల కట్టేసి ఉన్నంతసేపు అది మంచిదే. దెబ్బ తగిలి ఊడి బయటపడిందనుకోండి, నిప్పంటుకుందని గంట కొట్టినట్టు రక్షణ కణాలను లేపుతది. మంట, వాపు. ఆ వాపు ఆరకపోతే క్యాన్సర్‌కే బలం. అందుకనే రెండు కలవకుంట పాణం పెట్టి చూసుకుంట. డెకోరిన్ సీసాల మూతల మీద నీలం నెయిల్ పాలిష్ గీత, బైగ్లైకాన్ మూతల మీద ఎర్ర గీత. ఎవరికి చెప్పలే, నా అలవాటు గంతే. గడ్డకట్టే చలిల సుత అది చెరిగిపోదు."

లోపలి గదిలోంచి డైరెక్టర్ డాక్టర్ రామకృష్ణ బయటికి వచ్చాడు. తెల్లజుట్టు, మెత్తటి మాట. పురుషోత్తం చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"రండి, రండి. కల్పలత మా ఇంటి పిల్లలాంటిదండీ. పండక్కి రాజమండ్రి వెళ్లి వచ్చేసరికి ఈ ఘోరం. రెండు రోజులుగా నాకు అన్నం సయించట్లేదు."

"పండుగనాడు అక్కడనే ఉన్నరా సార్?"

"దసరాకి సొంతూళ్లో లేకపోతే ఎలాగండీ? పండగ వెళ్లిన మర్నాడు తిరిగొచ్చాను." ఆయన గడియారం చూసుకున్నాడు. "కమిటీతో మాట్లాడాలి. మీకేం కావాలన్నా సత్యదేవ్‌గారు చూస్తారు."

సత్యదేవ్ పేరు వినగానే పురుషోత్తానికి పళ్లు పులిశాయి. బేగంపేటలో అద్దాల ఆఫీసు, చేతికింద ఇరవై మంది, కంపెనీల్లో మోసాలు పట్టుకోవడంలో ఘనాపాఠి అని పేరు. ఈ కేసులో కంపెనీ తరఫున వచ్చింది అతనే. లోపలి తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డాడు, చేతిలో ట్యాబ్లెట్.

"పురుషోత్తంగారూ, మీ మీద గౌరవంతో చెప్తున్నాను. ఇది ప్లాట్‌ఫారం టికెట్ల వ్యవహారం కాదు. ఫోటోల ఫైళ్లు పరీక్షించాం. జూన్‌లో తీసినవి. ఆవిడ లాగిన్‌తోనే తీశారు. ఇంక మిగిలింది సంతకాలే."

"మరి కింద లారీ ఎందుకొచ్చింది సార్?"

"ఏ లారీ?"

"ఆస్పత్రి చెత్త కాల్చేటోళ్లది. గేటుకాడ ఆగివున్నది. కమిటీ ఇంక కూసోనే లేదు, కాల్చేటందుకు బండి వచ్చింది. అల్లుడు రాకముందే విస్తరేసినట్టు."

సత్యదేవ్ కిటికీలోంచి తొంగి చూశాడు. కనుబొమలు ఒక్కసారి ముడిపడి విడిపోయాయి. "డైరెక్టర్‌గారు ముందుజాగ్రత్తగా పిలిపించి ఉంటారు," అన్నాడు కానీ మాటలో ఇందాకటి పదును లేదు.

"ఫోటోలు పిల్లకు చూపియ్యలేదంట?"

"నిందితురాలికి సాక్ష్యం చూపిస్తే కథలు అల్లుతుంది. నా పద్ధతి అది."

"మీ పద్ధతి మీది. కని నాలుగు గంటలకు కమిటీల ఎవరన్న అడుగుతరు, ఆమెకు చూపిచ్చిన్రా, ఏమన్నదని. చూపియ్యలేదంటే మీ పేరు మీద మచ్చ. మీ ముంగటనే చూపిద్దాం. ఒక్క మాట ఎక్కువ మాట్లాడినా ఆపుండ్రి."

ఇతగాడికి డబ్బు మీద కంటే పేరు మీద మక్కువ ఎక్కువని పురుషోత్తానికి తెలుసు. బాణం తగలాల్సిన చోటే తగిలింది. సత్యదేవ్ ట్యాబ్లెట్ కల్పలత ముందు పెట్టాడు.

ఆమె మొదటి ఫోటో చూసింది. రెండోది చూసింది. మూడోదాన్ని వేళ్లతో పెద్దది చేసి, కళ్లు చిట్లించి, ఉన్నట్టుండి నవ్వింది. ఏడుపులోంచి వచ్చిన నవ్వు.

"ఏంటండీ?" అన్నాడు సత్యదేవ్.

"సార్, ఇది కణం. దీని అంచు ఇక్కడికే అయిపోయింది. ఇటు దిక్కు ఉట్టి నీళ్లే. మరి ఈ నీళ్లల్ల చుక్కలేంది? ఆటోఫజీ సంచి కణం లోపలుంటది. బయట ఉండదు. కడుపు లేకుండా కడుపునొప్పి వస్తదా?"

సత్యదేవ్ ట్యాబ్లెట్ లాక్కుని తనే చూశాడు. నిజమే. ఆకుపచ్చ చుక్కలు కణాల్లోనూ ఉన్నాయి, కణాల మధ్య ఖాళీలోనూ చల్లినట్టు ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి వంకరది.

"అంటే ఏదో దుమ్ము పడిందంటారు."

"దుమ్ము మెరవదు సార్," అంది కల్పలత. నవ్వు ఆగిపోయింది. "ఇదేందో నాకు తెలుస్తలేదు."

"గదైతే మిషన్ చూద్దాం," అన్నాడు పురుషోత్తం.

కల్పలత తన కళ్లముందే ఉండాలన్న షరతు మీద సత్యదేవ్ తలుపు తీశాడు. మైక్రోస్కోప్ గదికి కిటికీలు లేవు. ముందుగదిలో ముగ్గురూ చెప్పులు విడిచి, తెల్లకోట్లు తొడుక్కుని, చేతులకు తొడుగులు వేసుకుని వెళ్లారు. తొడుగు పురుషోత్తం చేతికి పట్టక ఒకటి చిరిగింది, రెండోది ఎక్కింది. లైటు ఆపమన్నాడు. జేబులోంచి వేలంత టార్చి తీశాడు. దొంగనోట్లు, దొంగ టికెట్లు చూడటానికి ఉద్యోగంలో ఉన్నప్పుడు వాడిన ఊదారంగు టార్చి అది. రిటైరైనరోజు అన్నీ అప్పగించాడు కానీ దీన్ని అప్పగించడానికి చేతులు రాలేదు, సొంత డబ్బుతో ఇంకోటి కొనిచ్చి దీన్ని ఉంచుకున్నాడు.

మైక్రోస్కోప్ పైభాగం శుభ్రంగా ఉంది. కళ్లు పెట్టే గొట్టాలూ శుభ్రమే. పురుషోత్తం మోకాళ్ల మీద వంగి, పక్కన తిప్పే పిడి కిందికి వెలుగు వేశాడు. పిడి చుట్టూ ఉన్న సందులో, కింద మరమేకుల గాడుల్లో, సన్నటి గీతలా ఏదో భగ్గున మెరిసింది. పసుపు కలిసిన ఆకుపచ్చ.

"ఏంటది?" అన్నాడు సత్యదేవ్ చీకట్లోంచి.

కల్పలత గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. "పసుపు."

లైటు వేశారు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఆయుధపూజ సార్. ఏడాదికొక్కనాడు మిషన్లన్నిటికి బొట్లు పెడతం. ఈ మిషన్ కొత్తది, దీనికి ఇదే మొదటి పూజ. ఆ ఒక్కరోజే పసుపు ఈ తలుపు దాటి లోపలికొస్తది. పిడికి, గొట్టానికి, ప్లేటు పెట్టేకాడ, అన్నిటికి పెట్టినం. పసుపు నీలం వెలుగుల ఆకుపచ్చగ మెరుస్తది. చదువుకున్న, తెలుసు. తెలిసి సుత మతికి రాలే. ఆ పసుపు మా అమ్మ దుకాణంలదే. నేనే తెచ్చిన."

సత్యదేవ్ ఇంక ఊరుకుంటాడా? వదిలేస్తే వాడు సత్యదేవే కాదు.

"అయితే ఇంకేం! పసుపు తెచ్చింది ఈవిడ, పెట్టింది ఈవిడ, లాగిన్ ఈవిడది. పురుషోత్తంగారూ, మీ క్లయింటు కొట్లో సరుకే మీ క్లయింటు కూతుర్ని పట్టిచ్చింది. నేను మీకు థ్యాంక్స్ చెప్పాలి."

"చెప్పుదురు గని తొందరేమున్నది. ముందుగాల మనం చూసింది నిజమో కాదో తెలవాలె గద. బిడ్డా, నువ్వు ఏం ముట్టకు. నువ్వు చెప్పు, సత్యదేవ్ సార్ చేస్తరు."

ముందుగదిలో దేవుడి పటం ముందు మిగిలిన పసుపు పొట్లం అలాగే ఉంది. కల్పలత చెప్తుంటే సత్యదేవ్ శుభ్రమైన గాజుపళ్లెంలో నీళ్లు పోశాడు, చిటికెడు పసుపు వేశాడు, మైక్రోస్కోప్ కింద పెట్టాడు. కణాల్లేవు, డెకోరిన్ లేదు, ఉత్త నీళ్లు. కళ్లు ఆనించి పిడి తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. కంపెనీల్లో పెద్దపెద్దవాళ్లను గడగడలాడించిన ఆ మనిషి మెడ వెనక చెమట పట్టడం పురుషోత్తం చూశాడు, చూసి సంతోషించాడు. అలా సంతోషించడం పెద్దమనిషి లక్షణం కాదని తెలుసు గానీ, ఏం చేస్తాం, వచ్చిన సంతోషాన్ని వద్దంటామా?

"ఇవే," అన్నాడు సత్యదేవ్ చివరికి. "ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి వంకరది. ఫోటోల్లో ఉన్నవి ఇవే."

"మరైతే ఆ ఫోటోలు ఎన్నడు తీసిన్రు?"

"ఫైలు ప్రకారం జూన్..." అని ఆగిపోయాడు. తెలివైనవాడే, ఇంకొకరు చెప్పేదాకా ఆగడు. "జూన్‌లో ఈ గదిలో పసుపు లేదు."

"లేదు. తారీకైనా లాగిన్ పేరైనా కంప్యూటర్‌కు ఎట్ల చెప్తే అట్ల ఇంటది. పసుపు ఇనదు. బిడ్డా, బొట్లు ఎన్నడు పెట్టిన్రు, ఎన్నడు తుడిచిన్రు?"

కల్పలత గోడను వదిలి నిటారుగా నిలబడింది. విషయం ఆమెకు అప్పుడు పూర్తిగా అందింది. "నవమినాడు సాయంత్రం పెట్టినం. పెట్టినంక మిషన్లకు సెలవు, ఎవ్వరు ముట్టరు. తెల్లారి దసరా. ఆ మర్నాడు పొద్దుగాల అందరికన్న ముందు నేనే వచ్చి స్పిరిట్‌తోని అన్ని తుడిచిన. పైపైన పోయింది గని సందులల్లకు ఇంకినట్టున్నది. అంటే..."

"అంటే దసరానాడు ఎవరో వచ్చిన్రు. మిషన్ ముట్టుకోవద్దన్ననాడు ముట్టుకున్నరు. చేతులకు తొడుగులు లేకుంట పిడి తిప్పిన్రు, అవే చేతులతోని ప్లేటు మూత తీసిన్రు. ఆకుపచ్చ చుక్కలు కనవడంగనే పని అయిందని మురిసిపోయిన్రు. లోపలున్నయా బయటున్నయా చూసుకోలే. రోజూ మిషన్ ముందు కూసునేటోళ్లైతే చూసుకుంటుండె."

సత్యదేవ్ తొడుగులు విప్పుతూ, "తాళం ఒక్క వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది. అతన్ని నేను రెండుసార్లు అడిగాను. ఎవరూ రాలేదన్నాడు," అన్నాడు.

"ఎవరొచ్చిన్రని అడిగిన్రు మీరు. గట్ల అడగొద్దు."

ముగ్గురూ కిందికి దిగేసరికి వీరయ్య గేటు దగ్గర స్టూలు మీద ఉన్నాడు. లారీ డ్రైవరు టీ తాగుతున్నాడు. పురుషోత్తం మెట్టు మీద, వీరయ్య పక్కనే కూర్చుని, కష్టసుఖాలు మాట్లాడుకునే గొంతుతో మొదలుపెట్టాడు.

"వీరన్నా, మీ బస్తీల దసరా మంచిగ జరిగిందా? జమ్మి దొరికిందా?"

"దొరికింది సార్. తెల్లారగట్లనే పోయి తెచ్చిన."

"ఎవరెవరికి పెట్టినవ్?"

వీరయ్య ముఖం విచ్చుకుంది. "మా అన్నకు, వదినెకు, మేస్త్రికి, సందుల ముసలోళ్లందరికి. ఒకలను ఇడువలే. జమ్మి బంగారం గద సార్, చేతిల పెట్టి కాళ్లు మొక్కితే..."

"ఇక్కడ ఎవరికి పెట్టినవ్?"

వీరయ్య స్టూలు మీంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"ఎవరొచ్చిన్రని అడుగుతలేను. వచ్చినోళ్ల పేరు చెప్పొద్దని నీకు ఎవరో మాట తీసుకున్నరు, ఆ సంగతి నాకు ఎరుకైంది. నేనడిగేది జమ్మి సంగతి. పండుగపూట ఎదురుపడ్డ పెద్దమనిషికి జమ్మి పెట్టకుంట నువ్వుంటవా? ఉండవు. పెట్టినంక పెట్టలేదని చెప్తే నీ మనసు ఊకుంటదా?"

కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు వీరయ్య. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు.

"డైరెక్టర్ సారుకు పెట్టిన. సారు నా నెత్తి మీద చెయ్యి పెట్టిండు. పండుగనాడు మిషన్ ముట్టుకున్ననని తెలిస్తే అందరు బాధపడతరు వీరయ్యా, ఎవ్వరికి చెప్పకు అన్నడు. గంతే సార్, గంతే అనుకున్న. గిది మా కల్పలత బిడ్డ మెడకు చుట్టుకుంటదని నాకేం తెలుసు?"

"రాజమండ్రిలో ఉన్నానన్నారే," అన్నాడు సత్యదేవ్. తనకు తానే చెప్పుకున్నట్టు అన్నాడు.

అదే సమయానికి రామకృష్ణ మెట్లు దిగి వచ్చాడు. రెండు చేతులతో పొగమంచు కక్కుతున్న డబ్బా, దాని మీద డెకోరిన్ అని పెద్ద అక్షరాల చీటీ. నలుగురినీ ఒక్కచోట చూసి ఒక్క క్షణం తటపటాయించాడు, వెంటనే ముఖం సర్దుకున్నాడు.

"కమిటీవాళ్లు ఎలాగూ ఇదే చెప్తారండీ. నా చేత్తోనే అప్పగించేద్దామని..."

సత్యదేవ్ నడిచివెళ్లి లారీకీ ఆయనకీ మధ్య నిలబడ్డాడు. "నన్ను పిలిచింది మీరేనండీ. నిజం కనుక్కోమన్నారు. కనుక్కుంటున్నాను. ఆ డబ్బా కింద పెట్టండి."

ఆ మాటతో పురుషోత్తానికి అతని మీదున్న పాతకోపం సగం కరిగిపోయింది. మిగతా సగం అలవాటు కొద్దీ ఉంచుకున్నాడు.

ఆయన దాన్ని మెట్టు మీద పెట్టగానే కల్పలత డబ్బా మూత తీసింది. చల్లటి పొగ చెదిరింది. వరసగా సీసాలు, చిన్నచిన్న మూతలు. ఆమె ఒకటి చూసింది, ఇంకోటి చూసింది, వేలితో వరసంతా తడిమింది.

"ఇవి నావి కావు."

"చీటీ నీదే కదమ్మా," అన్నాడు రామకృష్ణ.

"చీటీ నాదే. మూతల మీద గీత ఎర్రగున్నది సార్. ఇది బైగ్లైకాన్. నా డెకోరిన్‌కు నీలం గీత ఉంటది." ఆమె తలెత్తి ఆయన కళ్లలోకి సూటిగా చూసింది. ఇన్నాళ్లూ తండ్రిలా చూసిన మనిషిని అలా చూడటం ఆమెకు ఎంత కష్టమో చూసేవాళ్లకే తెలిసింది. "డెకోరిన్ ఎక్కడున్నది సార్?"

పురుషోత్తం మీసం దువ్వుకుంటూ అందుకున్నాడు. "నాకు సమజైంది చెప్తా. ఈ ఎర్రగీత సీసాలు అందరి ముంగట కాలిపోతయి. డెకోరిన్ బూడిదైందని లోకమంతా నమ్ముతది. పిల్ల పేరు మట్టిల కలుస్తది. రెండేండ్లు గడిచినంక ఇంకేదో ఊర్ల, ఇంకేదో కంపెనీల, డాక్టర్ రామకృష్ణగారి డెకోరిన్ అని పత్రికలల్ల వస్తది. అది నిజంగ పనిచేస్తదని మీకు అందరికన్న బాగ ఎరుక. పనిచెయ్యని దాన్ని ఎవరు దొంగిలిస్తరు సార్?"

కల్పలత గబుక్కున పురుషోత్తం వైపు తిరిగింది. ఆ చివరి మాట ఆమెకు వెయ్యి ఏనుగుల బలం ఇచ్చినట్టయింది. తన పనిని నాశనం చేయబోయినవాడే దాన్ని అందరికంటే ఎక్కువ నమ్మాడు.

రామకృష్ణ మెత్తగా నవ్వాడు. "కథ బాగుందండీ. ఆ సీసాలు ఎక్కడున్నాయో చూపించండి మరి. చూపించలేరు. అవి చలిలో లేకపోతే ఒక్కపూట కూడా ఆగవు. ఎక్కడున్నాయో ఎవరికి తెలుసు?"

"నాకెరుకే సార్," అన్నాడు వీరయ్య.

అందరూ అటు తిరిగారు. వీరయ్య స్టూలు దిగి వచ్చాడు. ఇందాకటి భయం లేదు ముఖంలో.

"దసరానాడు మీ చేతిల తెల్ల డబ్బ ఉండె. పొగలొస్తుండె. బరువున్నదని నేనే ఆటోల పెట్టిన, మీరు రమ్మంటే మీ ఎంబడి వచ్చి, సీతాఫల్‌మండిల రెండో అంతస్తు దాక నేనే మోసిన. ఆ అర్రల మన పైనున్నసొంటి నిలువెత్తు ఫ్రీజ్ ఉన్నది. అండ్లనే పెట్టిన్రు."

కల్పలత అతని భుజం పట్టుకుంది. "వీరన్నా, ఆ ఫ్రీజ్ నడుస్తుండెనా? మోత ఇనవడ్డదా?"

"ఇనవడ్డది బిడ్డా. మనదానికన్న ఎక్కువ మోత."

ఆమె కళ్లలోంచి నీళ్లు జారాయి, తుడుచుకోలేదు. బతికే ఉన్నాయి. అన్నేళ్ల పని ఎక్కడో ఒక అద్దె గదిలో, చల్లగా, చెక్కుచెదరకుండా నిద్రపోతోంది.

రామకృష్ణ రెండడుగులు వెనక్కి వేశాడు. ఫోను అప్పటికే చెవి దగ్గర ఉంది. సత్యదేవ్ అందుకునేలోపు ఆయన నోట్లోంచి రెండే మాటలు వచ్చాయి.

"ప్లగ్గు తీసెయ్."

సత్యదేవ్ ఫోను లాక్కున్నాడు, కానీ ఆ అద్దె గదిలో కాపలా ఉన్న మనిషి అప్పటికే లైను కట్ చేశాడు. లారీ డ్రైవరు చేతిలో టీ గ్లాసు ఒరిగి టీ నేలపాలైంది. పురుషోత్తం కల్పలత వైపు చూశాడు. ఏడుపు మొదలుపెడుతుందనుకున్నాడు. ఆ పిల్ల మాత్రం డబ్బా మూత గట్టిగా మూసి, కొంగులా కోటు నడుముకు బిగించింది.

"కరెంటు తీసినా తలుపు తెరవకుంటే సాయంత్రం దాక చల్లగనే ఉంటది అంకుల్. తెరవకుంట ఆపాలె, అంతే. వీరన్నా, నువ్వు ముందుగాల ఎక్కు, తొవ్వ నీకే ఎరుక."

సత్యదేవ్ రామకృష్ణ చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో తన కారు తాళం పురుషోత్తం వైపు విసిరాడు.

"ఈయన్ని నేను చూసుకుంటాను, పోలీసుల్నీ కమిటీనీ నేనే పిలుస్తాను. మీరు వెళ్లండి. పురుషోత్తంగారూ, నా కారండీ, జాగ్రత్త!"

అప్పటికే కల్పలత వెనక సీట్లో కూర్చుని తలుపు వేసేసింది.